మదనపల్లె ప్రభాతగీతము - నానాత్వబోధనము

కావ్యమునందు నానాజనుల పేర్లు చేర్చినంతమాత్రమున వారికి సహవాసము కలుగదు. పేర్కొనఁబడినవారు పరస్పరము పలుకరించుకొనినప్పుడే నానాత్వము ప్రజాస్వామ్యమునకుఁ దోడగును. ఈ విషయమును కళాశాలలయందు బోధించుటకు మన సీమతోనే సంబంధముగల యొక రచన మిక్కిలి తగియున్నది.

"జనగణమన" గీతము 1911 డిసెంబరు 27 న కలకత్తా కాంగ్రెసు సభలో మొదట పాడఁబడెను. అనీ బిసెంటమ్మగారు 1915 లో నెలకొల్పిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు 1919 లో రవీంద్రనాథ ఠాకూరుగారు విచ్చేసి, ఆ గీతమును "భారత ప్రభాతగీతము" అను పేర నాంగ్లమున ననువదించిరి. ప్రధానాచార్యులు జేమ్సు కజిన్సుగారి సతీమణి మార్గరెట్టుగారు దానికి స్వరలిపి నేర్పఱచిరి. గీతమునఁ జరణము లైదు. మొదటిది మాత్రమే 1950 జనవరి 24 న జాతీయగీతముగా స్వీకరింపఁబడెను.

ప్రథమచరణమున నేడు దేశముల పేర్లు గలవు. వంగమునకును ఉత్కళమునకును వేఱువేఱు పేర్లుండఁగా, తెలుఁగు, తమిళ, కన్నడ, మలయాళ సీమలకు "ద్రావిడ" మను నొక్క మాటయే చాలెను. గంగాయమునలు కలవు; గోదావరీకృష్ణాకావేరులు లేవు. గీతము జనసంఖ్యాపట్టిక కాదు గదా యందురు. నిజమే. కాని యేది విడిగాఁ బేర్కొనఁబడెనో, యేది యొకమాటలో నడఁగెనో విచారించుట విమర్శకుని ధర్మము. ద్వితీయచరణమున నేడు మతములు చెప్పఁబడినవి. అందఱును ఒకే పిలుపు విని యొక్కచోటికి వత్తురు. అయినను వారిలో వారికి సంభాషణము లేదు. ఆ కొఱఁత తీర్పవలసినది తరగతియే.

ఈ పని సాహిత్యోపాధ్యాయున కొక్కనికే చెందదు. భూగోళోపాధ్యాయుఁడు నదుల యెన్నికను, సంగీతోపాధ్యాయుఁడు స్వరకల్పనను చర్చింపవచ్చును. రాజనీతి బోధించువారు "సింధు" పదమును తొలగింపవలెనని వచ్చిన వ్యాజ్యమును 2005 లో సర్వోన్నత న్యాయస్థానము త్రోసివేసిన వృత్తాంతమును చెప్పి, ఉభయపక్షముల వాదములను విద్యార్థులచేతనే చేయింపవచ్చును. జాతి గౌరవించు మాటను సైతము మర్యాద తప్పక ప్రశ్నింపవచ్చునని వారప్పుడు తెలిసికొందురు.

ఇఁక మన వంతు. "ద్రావిడ" పదమునఁ దెలుఁగు మఱుఁగుపడెనని వగచు మనము, మన తరగతులలో నితరులను మఱుఁగుపఱచుచున్నామా? మదనపల్లెలో ఉర్దూ, పుంగనూరులో కన్నడము, కుప్పములో తమిళము ఇంటిభాషగాఁ గల బాలురును బాలికలును మన యెదుటనే కూర్చుందురు. వారి నందఱను "తెలుఁగు విద్యార్థులు" అను నొక్క మాటలో నిముడ్చుట యా గీతమున మనము తప్పుపట్టిన పనియే గదా! మూఁడు రాష్ట్రముల పొలిమేరలు చేరువగానుండు కుప్పమున, తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వముల సహకారముతో 1997 లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపఁబడుట యీ చిక్కు నెఱిఁగిన కార్యమే. అచ్చట "ద్రావిడ" మనునది పెక్కు భాషలను విడివిడిగాఁ జదివించు పేరైనది.

కావున పండితులు ఈ గీతమును పాఠము చెప్పునపుడు, ప్రతిపదార్థముతోఁ దృప్తిపడక, విద్యార్థులు తమతమ యింటిభాషలలో దాని ననువదించి, యొకరి యనువాదమును వేఱొకరు పరీక్షించునట్లు చేయుదురుగాక. మదనపల్లెలో కవి చేసినదియు ననువాదమే కదా.