'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవలలో పెద్దమనిషి

'జెంటిల్మన్' అను ఆంగ్లపదము ఒకచో వంశమును, ఒకచో ధనమును, ఒకచో శీలమును సూచించును. ఈ అర్థముల సంఘర్షణమే 1860-61లో వెలువడిన డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'కు ప్రాణమని మా అభిప్రాయము.

కమ్మరికొలిమి యొద్ద పెరిగిన పిప్, ఎవరో తెలియని దాత యొసగిన ధనముతో లండను చేరి పెద్దమనిషి వేషభాషలు నేర్చెను. తన్ను పెంచిన బావ జో చూడవచ్చినపుడు సిగ్గుపడెను. దాత ద్వీపాంతరవాసశిక్ష ననుభవించిన మాగ్విచ్ అని పిదప తేలినది. ఒకే అభియోగముపై మాగ్విచ్‌కు 14 ఏండ్లును, పెద్దమనిషివలె కనబడిన కాంపేసన్‌కు 7 ఏండ్లును శిక్ష పడినవి. వేషమునే శీలమని భ్రమించు సంఘమును రచయిత ఇచట నిలదీసెను. పిప్ జబ్బుపడగా సేవచేసి, అతని ఋణము తీర్చి, కృతజ్ఞతకై వేచియుండక వేకువనే వెడలిపోయిన జో యే నిజమైన పెద్దమనిషి.

అట్లైన, పేదవాడు తన స్థితిలోనే యుండవలెనని ఈ నవల బోధించుచున్నదా? కాదందుము. పిప్ మరల కమ్మరి కాలేదు. మాగ్విచ్‌కు మరణశిక్ష విధించునపుడు నిండు న్యాయస్థానమున అతని చేయి పట్టుకొని నిలిచెను. నలుగురి చూపునకు జంకి జోను గూర్చి సిగ్గుపడినవాడు, నలుగురి యెదుటనే ఆ సిగ్గును విడిచెను. పిప్ పెద్దమనిషి యైనది అప్పుడే.