దిద్దే చెయ్యి

పలక మీద ఓనమాలు దిద్దించిన రోజులు గుర్తు తెచ్చుకోండి. పంతులుగారు పిల్లవాడి వెనక కూర్చుని, వాడి గుప్పిట తన గుప్పిట్లోకి తీసుకుని, బలపం కదలకుండా పట్టుకుని అక్షరం మీద తిప్పించేవారు. 'అ' ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో నోటితో ఎంత చెప్పినా పిల్లవాడికి ఎక్కదు. చేతికి చెయ్యే చెప్పాలి. చైనాలో పాతకాలపు యుద్ధవిద్యల గురువులు జీవితమంతా చేసిన పని కూడా ఇదే. వాళ్లు దిద్దించింది అక్షరాలకు బదులు తుంటిని, మోకాలిని, భుజాన్ని.

మనలో చాలామందికి ఈ విద్యలు సినిమా ద్వారానే పరిచయం. బ్రూస్ లీ, జాకీ చాన్ సినిమాలు చూసి చొక్కా విప్పి గాలిలో కాళ్లు విసిరిన తరం మనది. కానీ సినిమాలో శిక్షణ అంతా ఒక పాటంత సేపట్లో అయిపోతుంది. వాన, ఎండ, నీళ్ల కావిడి, నాలుగు దెబ్బలు, పాట చివరికల్లా కుర్రాడు వీరుడైపోతాడు. కత్తెరలో పోయిన ఆ పది, పదిహేనేళ్లలోనే అసలు విద్య ఉంది.

ఆ సంగతి తెలియాలంటే హెనాన్ ప్రావిన్స్‌లోని వెన్ జిల్లాకు వెళ్లాలి. పసుపు నదికి ఉత్తరాన, గోధుమ చేల మధ్య చెన్‌జియాగౌ అనే ఊరుంది. చెన్ వంశం వాళ్ల వాగు అని ఆ పేరుకు అర్థం. ఇవాళ ఏ దేశంలో ఏ పార్కులో ఎవరు తాయ్‌చీ చేస్తున్నా, గురువుల వరస పట్టుకుని వెనక్కి నడిస్తే దాదాపు ఎప్పుడూ ఈ ఊరి దగ్గరే ఆగుతాం. మింగ్ రాజ్యం కూలిపోతున్న 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ అనే సైనికుడు ఈ ఊళ్లో తన కుటుంబానికి నేర్పిన విద్య నుంచి ఇది పెరిగిందని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. కూచిపూడి పేరు చెబితే మనకు ఊరూ నాట్యమూ కలిసే గుర్తొస్తాయి కదా, చైనావాళ్లకు చెన్‌జియాగౌ అలాంటిది.

షావొలిన్ ఆలయం కూడా ఇదే ప్రావిన్స్‌లో, నదికి ఆవలి ఒడ్డున ఉంది. దక్షిణ భారతదేశం నుంచి వెళ్లిన బోధిధర్ముడే అక్కడి సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. బోధిధర్ముడికి యుద్ధవిద్యను ముడిపెట్టిన కథ 17వ శతాబ్దపు రాతల నుంచి వచ్చింది. చైనా పరిశోధకుడు తాంగ్ హావొ 1930లోనే ఆ కథ నిలవదని తేల్చారు. మనకు నచ్చే కథే అయినా, నిజం కాని గౌరవం మనకు అక్కర్లేదు.

కుంగ్ ఫూ అన్న మాటకే కొట్లాట అనే అర్థం లేదు. కాలం, శ్రమ పోసి సంపాదించిన నేర్పును చైనావాళ్లు అలా అంటారు. వంటవాడికీ, అందంగా రాసే లేఖకుడికీ అది ఉండొచ్చు. 'చెయ్యి తిరిగిన' అని మనం ఏ అర్థంలో అంటామో, సరిగ్గా ఆ అర్థమే.

ఆ చెయ్యి తిరగడానికి ముందు కాళ్లు నిలవాలి. కొత్తగా వచ్చినవాడికి చాలామంది గురువులు చెప్పే మొదటి పాఠం నిలబడటం. దాని పేరు జాన్ జువాంగ్, అంటే గుంజలా నిలబడటం. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కాస్త వంచి, చెట్టు మానును కౌగిలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టి, భుజాలు వదిలేసి, నడినెత్తిని పైకి లాగి పట్టినట్టు నిలబడాలి. చూడటానికి ఏమీ లేదు. మూడు నిమిషాలకు తొడలు వణకడం మొదలవుతుంది. అప్పుడు మనిషి తనకు తెలియకుండానే మోసం చేస్తాడు. నడుం వెనక్కి విరుస్తాడు, పిరుదులు బయటికి పెడతాడు, బరువు మోకాళ్ల మీదికి నెడతాడు. గురువు వచ్చి నడుం మీద ఒక అరచెయ్యి, పొత్తికడుపు మీద ఇంకో అరచెయ్యి వేసి, అంగుళంలో సగం జరుపుతాడు. అంతే! దాచుకున్న బరువంతా ఒక్కసారిగా తొడల మీద పడుతుంది. అరక్షణం ముందు వరకు సరిగ్గానే నిలబడ్డాననుకున్న శిష్యుడికి, సరిగ్గా నిలబడటమంటే ఏమిటో అప్పుడు ఒంటికి తెలుస్తుంది. పుస్తకంలో ఈ పాఠాన్ని 'నడుం నిటారుగా ఉంచాలి' అని ఒక్క వాక్యంలో రాస్తారు. ఆ వాక్యం చదివి నేర్చుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

తర్వాతిది చాన్‌సీజిన్, పట్టు దారం తీసే బలం. హిందూపురం ప్రాంతంలో పట్టుగూళ్ల నుంచి దారం తీయడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. వేడినీళ్లలో నానిన గూటి నుంచి పోగు లాగేటప్పుడు గుంజితే తెగుతుంది, ఆపితే చిక్కుపడుతుంది. ఒకే వేగంతో, ఒకే బిగువుతో, తిప్పుతూ తీయాలి. చెన్ పద్ధతిలో ప్రతి కదలికా అలాగే పాదంలో మొదలై, కాలి గుండా నడుముకు చేరి, అక్కడ మలుపు తిరిగి, వీపు మీదుగా మెలికలు పడుతూ వేలి కొసకు రావాలి. చెయ్యి తనంతట తాను కదలకూడదు. ఎక్కడో ఒక కీలు బిగుసుకుపోతే పోగు అక్కడే తెగినట్టు. శిష్యుడి మోచెయ్యి కింద రెండు వేళ్లు ఆనించిన గురువుకు ఆ తెగుడు తెలుస్తుంది, శిష్యుడికి తెలియదు. తెలియడానికే ఏళ్లు పడుతుంది.

ఇవి ఒంటబట్టాక అసలు వరస. 'పాత చట్రం మొదటి వరస' అని చెన్ ఊరివాళ్లు పిలిచేదానిలో 75 దాకా భంగిమలుంటాయి. వాటి పేర్లు నాకు చాలా ఇష్టం. తెల్ల కొంగ రెక్కలు విప్పడం ఒకటి. మళ్లీ మళ్లీ వచ్చే మరో భంగిమ పేరు 'వజ్రవీరుడు రోట్లో దంచడం'. కుడి పిడికిలి ఎడమ అరచేతిలోకి, కుడి పాదం నేల మీదికి ఒకేసారి దిగుతాయి. బౌద్ధం వెంట మన దేశం నుంచి వెళ్లిన వజ్రం ఒక చైనా పల్లెలో రోకలి పట్టుకుని నిలబడటం చూస్తే ముచ్చటేస్తుంది. వరస చాలావరకు నెమ్మదిగా సాగుతుంది, మధ్యలో హఠాత్తుగా బలం విదిలించి మళ్లీ సాఫీగా కలిసిపోతుంది. తాయ్‌చీ అంటే ముసలివాళ్ల వ్యాయామం అనుకునేవాళ్లు ఈ చెన్ పద్ధతి రెండో వరస చూడాలి. దాని పేరు 'ఫిరంగి గుద్దు'. గెంతులు, గుద్దులు, నేల అదిరే అడుగులతో పేరుకు తగ్గట్టే ఉంటుంది.

వరస మొత్తం గుర్తుపెట్టుకోవడానికి కొన్ని నెలలు చాలు. అక్కడితో వచ్చేసిందనుకున్నవాడు అక్కడే ఆగిపోతాడు. మంచి గురువు దగ్గర వరస పూర్తయ్యాక మళ్లీ మొదటి భంగిమ నుంచి దిద్దుబాటు మొదలవుతుంది. మొదటిసారి చేతులు ఎక్కడుండాలో చెబుతారు, రెండోసారి బరువు ఏ కాలి మీద ఎంతో, మూడోసారి ఊపిరి, నడుం మలుపు. ఏళ్లు గడిచే కొద్దీ దిద్దుబాటు సన్నమవుతూ పోతుంది గాని ఆగదు.

ఇదంతా గాలిలో చేసే సాధన. అవతల ఒక మనిషిని నిలబెట్టి చేసేది తుయ్‌షౌ, అంటే చేతులు నెట్టడం. ఇద్దరు ముంజేతులు ఆనించి గుండ్రంగా తిప్పుతూ, ఎదుటివాడి తూకం ఎప్పుడు తప్పుతుందా అని చూస్తారు. చర్మంతో అవతలివాడి బలాన్ని గ్రహించడాన్ని వాళ్లు 'బలాన్ని వినడం' అంటారు. మెత్తగా ఉన్నవాడు వింటాడు, బిగుసుకున్నవాడు చెవిటివాడు. కండబలం ఉన్న కుర్రాళ్లు మొదట్లో దీనిలో ఘోరంగా ఓడిపోయేది అందుకే.

గురువుతో బంధం కూడా ఫీజు కట్టి రసీదు తీసుకున్నంత తేలికగా ఉండేది కాదు. పని వచ్చిన మేస్త్రినీ, వంట మాస్టర్‌నీ చైనాలో 'షిఫు' అంటారు. విద్య చెప్పే గురువును పిలిచేటప్పుడు అదే ఉచ్చారణకు వేరే అక్షరం రాస్తారు, దాని అర్థం తండ్రి. కొన్నేళ్లు గమనించి, ఈ మనిషి నమ్మదగినవాడే అనుకున్నాక, గురువు అతణ్ణి లోపలి శిష్యుడిగా స్వీకరిస్తాడు. శిష్యుడు మోకరిల్లి, నుదురు నేలకు తాకించి, టీ అందిస్తాడు. ఆ రోజు నుంచి గురుపత్ని తల్లి వరస, తనకంటే ముందు చేరినవాడు వయసులో చిన్నవాడైనా అన్న. వరసలు కలుపుకోవడం మనకు కొత్తేమీ కాదు కాబట్టి, తెలుగువాళ్లకు ఇది వివరించాల్సిన పని లేదు.

ఈ వంశవిద్య బయటివాళ్లకు దక్కిన తీరు ఆ ఊరి చరిత్రలో పెద్ద మలుపు. చెన్ చాంగ్‌షింగ్ 1771లో పుట్టారు. ఎప్పుడు చూసినా నిటారుగా ఉండేవారు కాబట్టి, పూర్వీకుల పేర్లు చెక్కి పూజలో నిలిపే చెక్కపలకతో పోల్చి 'పలక దొర' అని పిలిచేవారట. హెబెయ్ నుంచి వచ్చిన పేదవాడు యాంగ్ లూచాన్ ఆయన దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. గోడ చాటు నుంచి దొంగచూపులు చూసి నేర్చాడన్న కథ ఎంత ఇంపుగా ఉన్నా నాకు నమ్మబుద్ధి కాదు. చూపుతో వచ్చే విద్య అయితే గురువు అవసరమేముంది? యాంగ్ తర్వాత బీజింగ్ వెళ్లి మంచూ ప్రభువులకు నేర్పాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది చేసేది ఆయన వంశం వాళ్ల పద్ధతే.

చాంగ్‌షింగ్ మునిమనవడు చెన్ ఫాకె. 1887లో పుట్టారు. చిన్నప్పుడు జబ్బు మనిషి, పైగా బద్ధకం. తండ్రి, అప్పటి పెద్ద అధికారి యువాన్ షికాయ్ ఇంట్లో గురువుగా దూరంగా ఉండేవారు. మూడు తరాల పేరు ఈ పిల్లవాడితో పోతుందని పెద్దలు అనుకోవడం ఆయన చెవిన పడింది. ఒకరోజు పొలానికి వెళ్తుంటే, సాధనలో తనకంటే ఎంతో ముందున్న అన్న వరసైనవాడు ఏదో మరిచిపోయి వచ్చానంటూ, 'నువ్వు వేగంగా వెనక్కి వెళ్లి తీసుకురా, నేను నెమ్మదిగా నడుస్తుంటా' అన్నాడట. వేగంగా నడిస్తే ముందున్నవాణ్ణి అందుకోవచ్చు కదా అన్న సంగతి పిల్లవాడి మనసులో పడింది. ఆనాటి నుంచి అందరూ పడుకున్నాక కూడా సాధన చేసి అన్నను మించిపోయారు. రోజుకు 30 సార్లు వరస చేసేవారని శిష్యులు చెప్పుకుంటారు.

1928లో బీజింగ్‌లో బోధిస్తున్న చెన్ జావొపీకి నాన్‌జింగ్ నుంచి పిలుపు వస్తే, తన చోటికి బాబాయి వరసైన ఫాకెను రప్పించారు. ఫాకె చివరిదాకా బీజింగ్‌లోనే ఉండిపోయారు. అక్కడ చేరిన శిష్యుల్లో హోంగ్ జున్‌షెంగ్ ఒకరు. జబ్బుతో ఉండి ఆరోగ్యం కోసం 1930లో వచ్చిన ఆయన, 1944 దాకా నేర్చుకున్నారు. 1956లో మళ్లీ గురువు దగ్గరికి వెళ్లి కొన్ని నెలలు ఉన్నారు. శిష్యుడికి 49, గురువుకు 69. ఆ వయసులో గురువు ఒక్కొక్క కదలికా ఎందుకో చూపించి మళ్లీ దిద్దారు. మరుసటి ఏడాదే ఫాకె కన్నుమూశారు.

నేను అందరికంటే ఎక్కువగా తలుచుకునేది జావొపీగారిని. నగరాల్లో పేరు తెచ్చుకున్నాక, 1958లో, 65 ఏళ్ల వయసులో సొంతూరికి తిరిగి వచ్చారు. యుద్ధాలు, 1942 కరువు, వలసలు అన్నీ కలిసి ఊరిని పీల్చేశాయి. పిల్లలకు నేర్పేవాళ్లే కరువయ్యారు. ఆయన మళ్లీ గుంజలా నిలబడటం దగ్గర నుంచి మొదలుపెట్టారు. 1966లో సాంస్కృతిక విప్లవం వచ్చి పాత సంప్రదాయాలన్నిటినీ నేరంగా చూసింది. ఆయన అవమానాలు పడ్డారు, ఊళ్లో సాధన చాటుమాటుగా సాగింది. 1972లో ఆయన పోయాక, ఫాకె కొడుకు చెన్ జావొక్వీ బీజింగ్ నుంచి వచ్చి మిగిలిన పాఠం చెప్పారు. వీళ్లిద్దరి చేతుల మీదుగా తయారైన చెన్ షియావొవాంగ్, చెన్ జెంగ్‌లెయ్, వాంగ్ షియాన్, జూ తియాన్‌ట్సాయ్ తర్వాత ప్రపంచమంతా తిరిగి నేర్పారు. నలుగురిలో ఇద్దరి ఇంటిపేరు చెన్ కాదని గమనించండి. విద్య బతకడానికి వంశం గడప దాటించాలని ఆ ముసలాయనకు తెలుసు.

1956లో చైనా ప్రభుత్వం యాంగ్ పద్ధతిని కుదించి 24 భంగిమల సులువైన వరస తయారుచేసింది. ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. కోట్లమందికి మేలు చేసింది. పెద్దవాళ్లు తూలిపడటం తాయ్‌చీతో తగ్గుతుందని వైద్య పరిశోధనలు కూడా గట్టిగా చెబుతున్నాయి. దాన్ని తక్కువ చేయను. కానీ 200 మందిని మైదానంలో నిలబెట్టి ముందు ఒకరు చేసి చూపిస్తే, వెనక వరసలో ఎవరి మోకాలు లోపలికి పడుతోందో ఎవరు చూస్తారు? మోకాలు కాలివేళ్ల దిశ తప్పి మెలితిరిగితే కొన్నేళ్లకు కీలు దెబ్బతింటుంది. ఆరోగ్యం కోసం వచ్చినవాడు కుంటుతూ పోతాడు.

ఇంకో నష్టం గొప్పలు చెప్పుకునే గురువుల వల్ల జరిగింది. 2017లో షూ షియావొడోంగ్ అనే మిశ్రమ యుద్ధక్రీడల పోరాటగాడు, తాయ్‌చీ గురువునని చెప్పుకునే ఒకాయనను బరిలో కొన్ని సెకన్లలోనే పడగొట్టాడు. చైనా అంతా గగ్గోలు పుట్టింది. నా అభిప్రాయంలో అక్కడ ఓడింది ఎదుటివాడి చేతితో పరీక్షకు నిలబడని గురుత్వం. చెన్ ఊరి పాత గురువులు శిష్యుడికి తమ ఒంటిని తాకనిచ్చి, నెట్టించుకుని నేర్పారు.

2020 డిసెంబరులో యునెస్కో తాయ్‌చీని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. మన నగరాల్లో కూడా దీన్ని నేర్పేవాళ్లున్నారు. మీరు చేరాలనుకుంటే గోడ మీది పతకాలను, పట్టు బట్టలను పక్కనపెట్టి, ఒక గంట ఊరికే కూర్చుని చూడండి. గురువు తరగతిలో తిరుగుతున్నారా, ఒక్కొక్కరి దగ్గర ఆగి మోకాలు, నడుం చూసి అడిగి సరిచేస్తున్నారా, పదేళ్ల నుంచి వస్తున్న పాత శిష్యుణ్ణి కూడా దిద్దుతున్నారా చూడండి. దిద్దుతుంటే మర్నాడు పొద్దున్నే వెళ్లి చేరండి.