వేడి తొట్టిలో కొలిచిన ఆయుర్దాయము

గాజుపోగులను రెసినులో తడిపి, లాగి, గట్టిపరచి చేసిన కడ్డీలను కాంక్రీటులో ఇనుప కడ్డీలకు బదులుగా వాడుచున్నారు. ఇవి తేలిక; తుప్పు పట్టవు. ఇందులో వివాదము లేదు. కాని ఇవి నూరేండ్లు మన్నునను మాటకు ఆధారమేమి? ఈ కడ్డీలు వాడుకలోనికి వచ్చియే నూరేండ్లు కాలేదు గదా!

చూపబడు ఆధారములు రెండు. మొదటిది ప్రయోగశాలలోనిది. కాంక్రీటు రంధ్రములలోని తేమను పోలిన క్షారద్రావణమును, పి.హెచ్. 12.6 మొదలు 13 వరకు ఉండునట్లు తయారుచేసి, 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కడ్డీలను మూడు నెలలు నానవేసి, మిగిలిన బలమును కొలుతురు. ఇట్లే వేర్వేరు ఉష్ణోగ్రతలవద్ద కొలిచి, స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1889లో ప్రతిపాదించిన సూత్రమును బట్టి సాధారణ వాతావరణములో ఎన్నేండ్లు పట్టునో లెక్కగట్టుదురు. ఇక్కడ వేడి కాలమును త్వరగా నడిపించు సాధనము మాత్రమే.

అయితే ఈ లెక్కకు ఒక షరతు కలదు. వేడిలో జరుగు చర్య, చల్లదనములో జరుగు చర్య ఒకటే కావలెను. క్షారములోని హైడ్రాక్సిల్ అయానులు గాజులోని సిలికాన్–ఆక్సిజన్ బంధములను తెంచును. కాని అవి గాజును చేరుటకు ముందు రెసిను పొరను దాటవలెను. ప్రతి రెసినుకు మెత్తబడు ఉష్ణోగ్రత యొకటి ఉండును. మంచి వినైల్ ఎస్టరు కడ్డీలలో ఇది సాధారణముగా 100 డిగ్రీలకు పైన ఉన్నను, నీరు పీల్చిన కొలది దిగివచ్చును. త్వరగా ఫలితము రావలెనని తొట్టిని 80 డిగ్రీలకు వేడిచేసినచో, రెసినుకు పోగుకు నడుమ పట్టు సడలి కొత్త తరహా నష్టము మొదలు కావచ్చును. కాయను మాగవేయుట వేరు, ఉడకబెట్టుట వేరు. పైగా వంతెనలోని కడ్డీ ఎల్లప్పుడు నీటిలో మునిగి ఉండదు. కనుక ఈ పరీక్ష మితిమీరి కఠినమన్న ఆక్షేపణ సమంజసమే.

ఈ ఆక్షేపణకు బలము చేకూర్చినది రెండవ ఆధారము. కెనడాలో ఐదు నుండి ఎనిమిదేండ్లు వాడుకలోనున్న ఐదు కట్టడములనుండి 2004 ప్రాంతములో కాంక్రీటు ముక్కలను తొలిచి తీసి పరీక్షించిరి. వానిలో షెర్‌బ్రూక్‌లోని జోఫ్రే వంతెన, నోవాస్కోషియాలోని హాల్స్ హార్బర్ రేవు కూడ ఉన్నవి. గాజు క్షారమువలన చెడిన జాడ కనబడలేదు. మంచు, ఉప్పు, అలల తాకిడి చవిచూచిన కట్టడములివి. ఫలితమును తేలికగా త్రోసివేయరాదు. కాని తీసిన ముక్కలు చిన్నవగుటచే సూక్ష్మదర్శినితోను, రసాయన పద్ధతులతోను చూచిరే గాని, కడ్డీని లాగి బలమును కొలువలేదు.

అంతకంటె పెద్ద లోపము వేరొకటి. ఆ ప్రదేశముల వార్షిక సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపే. మన కోస్తా జిల్లాలలో అది 28 డిగ్రీల దరిదాపు. పది డిగ్రీలు పెరిగిన రసాయన చర్య వేగము సుమారు రెట్టింపగునను స్థూల సూత్రమును అన్వయించినచో, 6 డిగ్రీలవద్ద గడచిన ఎనిమిదేండ్లు 28 డిగ్రీలవద్ద రెండేండ్లకు తక్కువే! ఇది ఉజ్జాయింపు లెక్కయే, కడ్డీల ఆయువును తేల్చునది కాదు. అయినను కెనడా వంతెనల సాక్ష్యమును రెంటచింతల ఎండకు అట్లే అప్పగించుట ఎట్లు కుదురును?

అగ్నిప్రమాదము వేరే అధ్యాయము. ఉక్కు సగము బలము కోల్పోవుటకు 550 డిగ్రీలైనను కావలెను. ఈ కడ్డీకి కాంక్రీటుతోడి పట్టు అంతకు చాల ముందే పోవును.

నియమావళుల విషయమునకు వచ్చిన, అమెరికన్ కాంక్రీటు సంస్థ 2015 మార్గదర్శినిలో ఆరుబయటి గాజుపోగు కడ్డీల బలమును 0.7తో గుణింపుమన్నది, 2022 నియమావళిలో ఆ సంఖ్యను 0.85కు పెంచినది. చలిదేశమైనను ఎండదేశమైనను అదే సంఖ్య. అంతర్జాతీయ కాంక్రీటు సమాఖ్య 2007లో వెలువరించిన 40వ ప్రచురణ ఈ విషయములో ఎక్కువ వివేకము చూపినది. అందు వార్షిక సగటు ఉష్ణోగ్రతను బట్టి తరగతులు ఏర్పరచి, 25 మొదలు 35 డిగ్రీల వరకుగల ప్రదేశములకు అన్నిటికంటె ఎక్కువ తగ్గింపు విధించిరి. మన దేశములో కట్టబోవు వంతెనల లెక్కలలో ఈ తరగతి కనబడవలెను; పదేండ్లు ఎండలో నిలిచిన మన కట్టడములనుండి పొడవైన కడ్డీలనే తీసి, లాగి, బలమును కొలిచి చూడవలెను.