పిజ్జా ముక్కల లెక్క

ఈ వారం నా కోపం పిజ్జా మీద. మా అన్న కూతురు సర్కారు ప్రాథమిక బడిలో టీచర్. భిన్నాలు చెప్పడానికి నెట్‌లో ఎవరో ఉచితంగా పెట్టిన వర్క్‌షీట్ దించుకుంది. అందులో అన్నీ పిజ్జా ముక్కలే. "బాబాయ్, మా పిల్లలు దాని మొహం చూళ్లేదు. జొన్నరొట్టె బొమ్మ పెడదామంటే, మార్పులు చేయరాదని కింద రాసి పెట్టారు" అని ఫోన్లో మొత్తుకుంది. చీర పెట్టి, కట్టుకో గానీ కుచ్చిళ్లు పెట్టుకోకు అన్నట్టుంది వరస. ఇలా మార్చనివ్వకుండా తాళం వేసిన పీడీఎఫ్‌ల మీద నా అక్కసు పాతదే; తాళాలు తీయమని అంటూనే ఉన్నాను.

దీనికి విరుగుడు ఎప్పుడో వచ్చింది. 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు మొదలయ్యాయి. వాటిలో ఉదారమైనది చెప్పేదొక్కటే: నా పేరు చెప్పు, తర్వాత నీ ఇష్టం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచీ పిల్లల కథలు అలాగే దొరుకుతున్నాయి. కథను మన ఊరి మాటల్లోకి తిప్పుకున్నా అడిగేవాళ్లు లేరు. పాఠాలన్నిటికీ ఇదే పద్ధతి పెట్టమని గట్టిగా రాద్దామని కూర్చున్నాను.

అంతలో మా ఇంటర్ లెక్కల నోట్సు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. మా హాస్టల్లో సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చిన లాంగ్‌బుక్ అది. ఒకరు ఎర్రసిరాతో తప్పు దిద్దారు, ఇంకొకరు అడ్డదారి రాశారు, ఒక రసికుడు సమాకలనుల పక్కన హీరోయిన్ బొమ్మ గీశాడు. ఏ లైసెన్సూ అక్కర్లేని స్వేచ్ఛ. అదే స్వేచ్ఛతో ఎవడో మహానుభావుడు ఒక సూత్రంలో ప్లస్‌ని మైనస్ చేశాడు. ఆ మైనస్‌ని బ్యాచి తర్వాత బ్యాచి బట్టీ పట్టింది. నోట్సు అందరిదీ కావడంతో సరిచూడ్డం ఎవరి పనీ కాలేదు. చివరికి మా మాస్టారు దాన్ని లాక్కుని, ఆదివారమంతా కూర్చుని పేజీపేజీ దిద్దారు. ఆ ఆదివారానికి ఆయనకెవరూ జీతమివ్వలేదు.

2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సులు లోకానికి ఉచితంగా పెడతానన్నప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. ఆ పని నడవడానికి హ్యూలెట్, మెలన్ ఫౌండేషన్లు డబ్బిచ్చాయి. మా మాస్టారికి దక్కని జీతం అక్కడ పాఠాలు సేకరించి, సర్ది, పెట్టిన ఉద్యోగులకు అందింది.

కాబట్టి తాళాలు తీయమనే నా పాత డిమాండుకు ఈ వారం ఇంకొకటి తగిలిస్తున్నాను. మార్చిన పాఠాన్ని సరిచూసేందుకు సబ్జెక్టుకు కొందరు టీచర్లను పెట్టి, వాళ్ల పీరియడ్లు తగ్గించి, ఆ పనికి సర్కారు జీతమివ్వాలి. ప్రతిదానికీ సర్కారేనా అని ఉత్తరాలు వస్తాయని తెలుసు. రాయండి. ఆదివారాలు ఊరికే ధారపోసే మాస్టార్ల మీద ఇంకెన్నాళ్లు నెట్టుకొద్దామో కూడా అందులోనే రాయండి.