దత్తత శిక్షణలో కన్నతల్లి ఎక్కడ?
దత్తత పనిచేసే సోషల్ వర్కర్లకు హోమ్ స్టడీ రాయడం నేర్పుతారు: పెంచుకునేవాళ్ల జీతం, ఇల్లు, ఆరోగ్యం. కన్నతల్లి మాత్రం ఒక వేలిముద్ర! తండాల్లో లంబాడీ ఆడపిల్లల అమ్మకాలు బయటపడ్డాకే కదా, పేదరికం పేరుతో బిడ్డల్ని వదులుకోవడాన్ని 2001లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం తల్లికి మళ్లీ ఆలోచించుకోడానికి రెండు నెలల గడువిచ్చింది. ఆ రెండు నెలల్లో వాడకెళ్లి ఆమెతో ఏం మాట్లాడాలి? శిక్షణ చెప్పాల్సింది అదే.

మా చోడవరం దళితవాడల్లో తల్లిదండ్రులు పోయిన మనవల్ని అమ్మమ్మలే సాకుతారు. అర్హులైన పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు వస్తాయని వాళ్లకెవరు చెప్పాలి? కులం చదవని శిక్షణ, పేదరికాన్ని 'నిర్లక్ష్యం' అని రాసేస్తుంది. ఆ ఒక్క మాటతో బిడ్డ చెయ్యిజారిపోతుంది.