గొల్లపల్లి రాతిలో ఆకులు

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్లే దారంటే మనకు చిన్న రసాలే గుర్తొస్తాయి. శిలాజ వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఇంకో పేరు గుర్తొస్తుంది: గొల్లపల్లి. అక్కడి ఇసుకరాయి పొరకు ఆ ఊరి పేరే పెట్టారు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఒట్టోకార్ ఫీస్ట్‌మాంటెల్ ఆ రాళ్లలోని ఆకు అచ్చుల మీద 1877లోనే బొమ్మలతో సహా రాశాడు.

ఈ చదువులో నాకు నచ్చేది తొందరపడనివ్వకపోవడం. టిలోఫిల్లం అనే ఆకునే తీసుకోండి. చూడటానికి బుల్లి ఈతమట్ట. రాతిని ఎండకు ఎదురుగా పెడితే ఏమీ తెలియదు, వెలుతురు ఏటవాలుగా పడితేనే గీతలు లేస్తాయి. చిన్న ఆకులు నడి ఈనెకు పక్కన కాకుండా పైవైపున అంటుకుని ఉన్నాయా అని చూడాలి. అంత చూసినా దొరికేది ఆకు పేరే, చెట్టు పేరు కాదు. కాండానికో పేరు, పువ్వులాంటి భాగానికో పేరు విడివిడిగా ఉంటాయి. వాటన్నిటినీ కలిపి చెట్టును నిలబెట్టాలంటే శిలాజ వృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్నీ అంతటివాడు కావాలి. రాజమహల్ కొండల శిలాజాలతో ఆయన 1932లో ఆ పని చేశాడు. ఆ చెట్టు చూపుకు సైకాడ్‌లా ఉన్నా బెన్నెటైటేలీస్ అనే వేరే వంశానిది. ఆకు పైపొర మిగిలితే పత్రరంధ్రాలను బట్టి రెంటినీ విడదీయొచ్చు. గరుకు ఇసుకరాయి ఆ పొరను సాధారణంగా మిగల్చదు, ఆకారాన్నే ఇస్తుంది. సైకాడ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. బెన్నెటైటేలీస్ వంశం దాదాపుగా డైనోసార్ల కాలంతోనే ముగిసింది.

ఫీస్ట్‌మాంటెల్ ఈ రాళ్లను తొలి జురాసిక్ నాటివన్నాడు. ఇప్పుడు ఎక్కువమంది తొలి క్రెటేషియస్ అంటున్నారు. అంటే కోట్ల ఏళ్లు ఇటు జరిగాయి! పూలమొక్కలు భూమ్మీద అప్పుడప్పుడే మొదలవుతున్న కాలమది. ఇక్కడి పాత జాబితాల్లో మాత్రం ఫెర్న్‌లు, సైకాడ్‌లాంటివి, శంకువులు కాసే చెట్లే. మామిడికి ఇంకా చాలా దూరం.

వయసు మారినా ఆ పాత నమూనాలకు విలువ తగ్గలేదు, ఏ ఊరి రాయో రాసిపెట్టారు కనుక. ఊరూ పొరా తెలియని ఆకు అచ్చు షోకేసుకు తప్ప దేనికీ పనికిరాదు. మీ ఊరి గ్రావెల్ లోడులో ఎప్పుడైనా ఆకు గీతలున్న రాయి కనిపిస్తే గీకకండి, కడగకండి. రెండు చెక్కలుగా విడితే రెండూ దాచండి. మట్టి ఏ గుట్ట నుంచి వచ్చిందో డ్రైవర్‌నడిగి కాగితం మీద రాసి, దగ్గర్లోని కాలేజీ బోటనీ మాస్టారికి ఇవ్వండి.