చిచా ఎవరు కాచారు?

ఆండీస్ పర్వతాల్లోని ఊళ్లలో జరిగే పాలక పునీతుల పండగల గురించి బయటివాళ్లు రాసింది ఏది తీసుకున్నా అందులో ఒక గ్లాసు ఉంటుంది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి చేతిలో ఎవరో చిచా పోసి పెడతారు. ముందు నాలుగు చుక్కలు నేలతల్లి పచమామకి వదలాలి, తర్వాత తాగాలి. వద్దనకూడదు. అక్కడ అతిథి మనసు కరిగిపోయి ఆతిథ్యం మీద ఒక పేరా పుడుతుంది. ఆ చిచా ఎవరు కాచారన్నది మాత్రం పేరాలోకి రాదు. మొక్కజొన్నల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, పెద్ద కుండల్లో గంటల తరబడి మరగబెట్టి, వడగట్టి, పులియబెట్టాలి. పండగకి ఎన్నో రోజుల ముందే మొదలయ్యే ఈ పని చాలావరకు ఆడవాళ్లది.

ఈ ప్రశ్న పట్టుకుని నేను పెరూ పండగల మీద స్త్రీలే రాసిన పుస్తకాలు కొన్ని చదివాను. స్త్రీ రాస్తే వంటిల్లు దానంతటదే కనిపిస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడాలనిపించింది.

ఫ్లోరా త్రిస్తాన్‌తో మొదలుపెడితే ఆ నమ్మకం వెంటనే బీటలు వారుతుంది. భర్త నుంచి తప్పించుకుని, తండ్రి ఆస్తిలో వాటా కోసం ఆమె 1833లో ఫ్రాన్స్ నుంచి అరెకీపాలోని బాబాయి ఇంటికి వెళ్లింది. 1838లో వచ్చిన ఆమె యాత్రా గ్రంథం స్త్రీవాద చరిత్రలో మనం గౌరవంగా తలుచుకునే పుస్తకం. తనని తాను వెలివేయబడ్డ మనిషిగా చెప్పుకున్న ఆ స్త్రీ, అరెకీపాలో మతపరమైన ఊరేగింపులు చూసినప్పుడు మాత్రం పారిస్ నుంచి వచ్చిన దొరసానిలాగే చూస్తుంది. మతాధికారులు జనాన్ని అజ్ఞానంలో ఉంచుతున్నారన్న ఆమె కోపం న్యాయమైనదే. కానీ ఆ గుంపులో ఉన్న ఆడవాళ్లకి ఆ రోజు ఏమిటన్నది ఆమె అడగదు. వెలివేత అనుభవం ఉన్నంత మాత్రాన ఇంకొకరి వెలి కనిపిస్తుందన్న హామీ ఏమీ లేదు.

కేథరిన్ అలెన్ దీనికి పూర్తిగా ఎదురు చివర ఉంటుంది. ఆమె సోంకో అనే కెచువా గ్రామంలో 1970లలో ఉండి, ఆ జీవితం గురించి 1988లో ఒక పుస్తకం వెలువరించింది. మంచి కోకా ఆకులు మూడు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కొండల పేర్లు చెప్పి ఊది, అప్పుడు నోట్లో పెట్టుకునే మర్యాదని ఆమె వర్ణించిన తీరు నాకెంతో ఇష్టం. తీర్పు చెప్పడానికి కాకుండా నేర్చుకోవడానికి కూర్చున్న మనిషి రాత అది. నా పేచీ వేరే చోట ఉంది. ఆండీస్ గురించి రాసిన చాలామందిలాగే ఆమె కూడా స్త్రీపురుషుల జంటని ఒకదాన్నొకటి నింపుకునే రెండు సగాలుగా చూపిస్తుంది. కెచువాలో ఆ జంటకి ఒకే మాట ఉంది, నిజమే. పండగ బాధ్యత ఎత్తుకునే కర్గుయోక్ కూడా సాధారణంగా ఒంటరి మనిషి కాదు, భార్యాభర్తల జంట. వాళ్లు బంధువులకీ ఇరుగుపొరుగుకీ రొట్టె, మద్యం ఇచ్చి సాయం అడుగుతారు. హుర్కా అనే ఈ పిలుపు అందుకుని రొట్టె తీసుకున్నవాళ్లు ఇక మాట తప్పలేరు. ఇదంతా అందమైన ఏర్పాటే. కానీ రెండు సగాలన్నప్పుడు ఏ సగానికి మాట్లాడే హక్కుంది, ఏ సగానికి పొయ్యి ఉంది అని అడగవద్దా?

ఆ మాట పెరూ నుంచే మరిసోల్ దె లా కదేనా అడిగింది. కుస్కో దగ్గరి చితపంప గ్రామం మీద 1991లో వచ్చిన ఆమె వ్యాసం ఇరవై సిద్ధాంత గ్రంథాలకి సమానమని నేనంటాను. ఆ ఊళ్లో ఆడవాళ్లే ‘ఎక్కువ ఇండియన్లు’గా లెక్కకొస్తారన్నది ఆమె గమనింపు. మగవాళ్లు పట్నం పోయి, స్పానిష్ నేర్చి, కూలి డబ్బు తెచ్చుకుని మెస్తీసోలు అవుతారు. అంటే మిశ్రమ జాతివాళ్లన్న పై మెట్టు ఎక్కుతారు. ఆడవాళ్లు అదే బట్టలో, అదే భాషలో ఊళ్లో మిగులుతారు. ఒకే ఇంట్లో భర్తది ఒక జాతి, భార్యది ఒక జాతి! పరస్పర పూరకం అన్న మాట కింద ఈ మెట్లు దాక్కుంటాయని ఆమె వాదన. ఇది చదివాక, ‘ప్రాచీన సంస్కృతిని కాపాడుతున్న స్త్రీ’ అని యాత్రికులు రాసే వాక్యాన్ని నేను మునుపటిలా చదవలేకపోతున్నాను.

ఇప్పుడు పౌకర్‌తాంబో సంగతి. అక్కడ ప్రతి ఏటా జులై మధ్యలో కార్మెల్ మాత పండగ జరుగుతుంది. జులై 16 ముఖ్యమైన రోజు. ఈ పండగ ముసుగుల మీద హిసెలా కానెపా కోచ్ 1998లో పుస్తకం తెచ్చింది. అక్కడ చెప్పుకునే కథల్లో ఒకటి ఇలా సాగుతుంది: ఎగువ మైదానం నుంచి సరుకుతో వచ్చిన కొల్లా జాతి వ్యాపారి ఒకామె, తన మట్టి కుండలు దించుతుంటే ఒకదానిలో అందమైన స్త్రీ తల కనిపించింది. అదే మాత. పండగలో కొల్లా వ్యాపారుల నృత్యం ఉంటుంది. అడవి మనుషులైన చుంచోలతో వాళ్ల యుద్ధం ఉంటుంది. యుద్ధంలో చుంచోలు గెలిచి కొల్లాల స్త్రీ ఇమిల్లాని ఎత్తుకుపోతారు. ఆ ఇమిల్లా సంప్రదాయంగా ఆడవేషం కట్టిన మగవాడు. సత్యభామ వేషం మగవాళ్లే కట్టిన కూచిపూడి భాగవతం తెలిసిన మనకి ఇందులో వింతేమీ లేదు. నాకు పట్టిందల్లా కథకీ ఆటకీ మధ్య ఉన్న ఎడం. కథలో సరుకు, ప్రయాణం, మాతని మొదట చూసిన కళ్లు అన్నీ స్త్రీవి. ఆటలో స్త్రీ గెలిచినవాళ్లు పట్టుకుపోయే వస్తువు, అదీ మగవాడి ఒంటి మీద. వ్యాపారం చేసుకునే ఆడది కథలో ఉండచ్చు, వీధిలోకి వస్తేనే ఇబ్బంది అన్నమాట.

వీధిలోకి వస్తే ఏమవుతుందో సోయిలా మెండోసా పుస్తకం చెబుతుంది. కుస్కో పక్కనే ఉన్న సాన్ హెరోనిమో ఊరి పునీత జెరోము పండగ, అందులోని నృత్య బృందాల మీద 2000లో వచ్చిన పుస్తకం అది. నేను చదివిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కారణం, ఇందులో పండగ సామరస్యం కాదు, తగువు. పెద్ద టోపీలు, తోలు కోట్లు వేసుకుని మద్యం వ్యాపారుల్లా ఆడే మహేన్యోల బృందం ద్వారా లారీల యజమానులు తమ హోదాని వీధిలో ప్రదర్శించుకుంటారు. వాళ్లని ఎవరూ తప్పుపట్టరు. అదే ఊరి అమ్మాయిలు తుంతునా ఆడితే గొడవ. అది బొలీవియా, పూనో వైపు నుంచి వచ్చిన నృత్యం. పొట్టి గౌన్లు, వేగం, గంతులు. అది కుస్కోది కాదని సాంస్కృతిక సంస్థల పెద్దలు అభ్యంతరం పెట్టారు. ఏది కుస్కోదో నిర్ణయించే ఆ అధికారం కూడా కొండల్లోంచి ఊడిపడలేదు. 1923లో ఇంకా కళల బృందాన్ని దేశాలు తిప్పినప్పటి నుంచి, 1924లో కుస్కోలో దేశీయ కళా కేంద్రం పెట్టినప్పటి నుంచి, పట్నం మేధావులు పోటీలూ బహుమతులూ పెట్టి తయారుచేసుకున్నది. సంప్రదాయం పేరుతో అమ్మాయిల ఒంటి మీది బట్ట కొలవడం మనకి కొత్త కాదు కదా! మెండోసా ఆ అమ్మాయిల్ని జాలిగా చూడదు, వీరనారుల్నీ చేయదు. వాళ్లు ఆధునికంగా కనబడాలనుకున్నారు, పండగలో తమకంటూ ఒక చోటు కావాలనుకున్నారు, తీసుకున్నారు. ప్రాచీనత కోసం కెమెరాతో వచ్చిన యాత్రికుడికి తుంతునా నచ్చకపోవచ్చు. ఆ నచ్చకపోవడం సాంస్కృతిక పెద్దల పక్షానికే బలం అవుతుంది, అతనికి తెలియకుండానే.

అయినా నాకొక అసంతృప్తి మిగిలింది. పుస్తకం దృష్టి బృందాల మీద, వీధి మీద. ఇంటి వెనకాల పొయ్యి దగ్గరికి అది వెళ్లింది తక్కువ. అమ్మాయిలు వీధిలో ఆడుతున్న ఆ సెప్టెంబరు చివరి రోజుల్లో చిచా వడగట్టింది వాళ్ల అమ్మలా, అత్తలా, లేక కూలికి వచ్చిన ఇంకా పై ఊళ్ల ఆడవాళ్లా?